గీత కనబడని కిటికీ

సార్ చనిపోయిన సంగతి నాకు సార్ ఫోన్ నుంచే తెలిసింది. తెర మీద ఆయన పేరు చూసి, బస్సెక్కి ఉంటారనుకుని, నమస్తే కూడా చెప్పకుండా "ఐస్ తెచ్చి పెట్టిన సార్, యాడిదాంక అచ్చిండ్రు?" అని అడిగేశాను. అవతలి గొంతు సార్‌ది కాదు, ఆయన భార్యది. శిష్యులమంతా ఆమెను అమ్మ అనే పిలుస్తాం.

"బిడ్డా, మీ సార్ పానం పోయింది" అంది. "పొద్దుగాల మొకం కడుక్కుంట కడుక్కుంట కూలవడ్డడు. డాక్టర్ అచ్చి చూసి లేదన్నడు."

గొంతులో ఏడుపు లేదు. పాలవాడికి రేపు పాలు వద్దని చెబుతున్నట్టు చెప్పింది. వెంటనే అదే గొంతుతో, "నేను సంచి సదురుతున్న. బస్సు టైం అయితున్నది గద" అని ఫోన్ పెట్టేసింది.

నేను సిరిసిల్లలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఆ ఉదయం సార్ కోరుట్ల నుంచి మా కాలేజీకి రావాలి. పిల్లలు అప్పటికే ల్యాబ్‌లో కూర్చుని ఎదురుచూస్తున్నారు. బల్ల మీద థర్మోకోల్ డబ్బాలో ఐస్ ఉంది. ముందురోజు సాయంత్రమే సార్ ఫోన్ చేసి, "ఈసారి నేను ముట్ట. సెల్లు నువ్వే నింపాలె. నేను కుర్చీల కూసోని ముల్లు చదువుత" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన ఇంకెవర్నీ దాన్ని నింపనివ్వలేదు. ఆ మాటకు సంతోషపడాలో భయపడాలో నాకు తెలియలేదు. ఇప్పుడు ఆ మనిషే లేడంటున్నారు. పిల్లలకు ఏం చెప్పి బయటికి వచ్చానో గుర్తు లేదు. తోటి లెక్చరర్ తన కారులో ఎక్కించుకుంది. వేములవాడ దాటాక గానీ, ఐస్ డబ్బా నా ఒళ్లోనే ఉందని చూసుకోలేదు.

సెల్లు సంగతి చెప్పకుండా సార్ సంగతి చెప్పడం నాకు చేతకాదు. టిఫిన్ గిన్నె అంత ఉంటుంది, ఎత్తితే మాత్రం భుజం గుంజుతుంది. మందమైన ఉక్కు. ఎదురెదురుగా రెండు చిన్న కిటికీలు, వేలెడు మందం అద్దంతో. పైన వాల్వు, పక్కకు పొడుచుకొచ్చిన ప్రెషర్ గేజ్, అందులో ఒత్తిడి చూపే ముల్లు. సార్ హైదరాబాదులో పిహెచ్‌డీ చేసిన ల్యాబ్‌కు కొత్త పరికరాలు వచ్చినప్పుడు, పాతదాన్ని ఆయన గైడ్ ఆయనకే ఇచ్చేశారట. అందులోకి కార్బన్ డయాక్సైడ్‌ను ఒత్తిడితో ఎక్కిస్తే సగం దాకా నీళ్లలాంటి ద్రవం చేరుతుంది. ద్రవానికీ, దాని పైనున్న వాయువుకూ మధ్య ఒక గీత కనిపిస్తుంది. వేడి చేస్తూ పోతే, ముప్పై ఒక్క డిగ్రీల దగ్గర ఆ గీత మసకబారి మాయమైపోతుంది. ఇక లోపలున్నది ద్రవమూ కాదు, వాయువూ కాదు. ద్రవంలా కరిగించుకుంటుంది, వాయువులా సందుసందునా దూరుతుంది. దీన్నే సూపర్‌క్రిటికల్ స్థితి అంటారు.

సార్ తన వయసంతా పెట్టింది ఆ స్థితి మీదే. ఆల్కీన్లు అనే అణువుల్లో రెండు కార్బన్ల మధ్య జంట బంధం ఉంటుంది. దానికి హైడ్రోజన్‌ను చేర్చాలంటే పల్లాడియమో రోడియమో, ఏదో ఒక లోహం సాయం పట్టాలి. మామూలు ద్రావణుల్లో హైడ్రోజన్ సరిగా కరగదు. గీత మాయమైన కార్బన్ డయాక్సైడ్‌లో మాత్రం ఎంతైనా కలిసిపోతుంది. ఎటొచ్చీ లోహమే అందులో దిగనంటుంది. దానికి ఫ్లోరిన్ తోకలు తగిలించి దించేసరికి సార్‌కు ఏళ్లు పట్టిందట. పని అయ్యాక మాత్రం సుఖమే. వాల్వు తిప్పితే ద్రావణి గాలై వెళ్లిపోతుంది, తయారైన సరుకు అడుగున మిగులుతుంది. "పెండ్లయినంక పందిరి ఇప్పుకపోయినట్టు" అనేవారు సార్.

ఆ లోహాన్ని పెళ్లిళ్ల పేరయ్యతో పోలుస్తూ ఎవరైనా గైడు పుస్తకం అప్పజెబితే ఆయనకు చిర్రెత్తేది. "పేరయ్య ఇద్దర్ని కలిపి ఇంటికి పోతడు. లోహం గట్ల కాదు. ముందుగాల ఆల్కీన్‌ను తన మీద కూసోవెట్టుకుంటది, గా బంధాన్ని వదులు జేస్తది, అటెన్క హైడ్రోజన్‌ను అందిస్తది. పేరయ్యకు గంత ఓపిక యాడిది?" క్లాసంతా నవ్వేది. పరీక్షలో ఆ మూడు మెట్లూ ఎవరూ తప్పు రాసేవారు కాదు.

ఆయన్ని నేను మొదట చూసింది జగిత్యాలలో, డిగ్రీ మొదటి సంవత్సరంలో. చేతిలో ప్లాస్టిక్ సీసాతో క్లాసులోకి వచ్చారు. అందులో ఉన్నది తాటికల్లు. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. సీసా పొట్ట ఉబ్బి, గట్టిగా రాయిలా ఉంది. మూత కొద్దిగా తిప్పారు, బుస్సుమంది.

"గీ బుస్సుమన్నదే ఇయ్యాల్టి పాఠం" అన్నారు. "మాది గొల్లపల్లి దిక్కు. మా బాపు తాళ్లెక్కుతడు. కుండల నురుగు లేపేది గీ వాయువే. నేను దీన్ని ఇనుప సెల్లుల వెట్టి డాక్టరేట్ తెచ్చుకున్న. బాపు కుండల వెట్టి మమ్ముల సాదిండు."

పాఠం అయ్యాక ఆ కల్లు ఏం చేశారని మేం చాలాకాలం వాదించుకున్నాం. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కారు చందుర్తి మీదుగా వెళ్లింది. అది మా ఊరు. డిగ్రీ అయ్యాక నన్ను ఎమ్మెస్సీకి పంపడం మా తాతకు ఇష్టం లేదు. పది ఊళ్ల మీద పెత్తనం చేసిన ఇల్లు మాది. పెత్తనం పోయినా మాట మాత్రం మిగిలింది. సార్ ఎవరూ పిలవకుండానే బస్సు దిగి మా వాకిట్లోకి వచ్చారు. తాత ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "మీరు ఎవలోళ్లు సారూ?" అని అడిగాడు. నేను తలుపు వెనక సిగ్గుతో చచ్చిపోయాను.

"గౌండ్లోళ్లం పటేలా. మా బాపు ఇప్పటికీ చెట్టెక్కుతడు" అన్నారు సార్, ఊరి పేరు చెప్పినంత తేలిగ్గా. "ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీ పిల్ల తెలివైంది. ఇంట్ల కూసోవెడితే మీకే లాసు."

తాత లోపలికి తిరిగి "కుర్చీ ఎయ్యిండ్రి. చాయ్ తెండ్రి" అన్నాడు. నేను ఎమ్మెస్సీ చదివాను, ఆ తర్వాత సార్ చూపిన దారిలోనే అదే ఆల్కీన్ల మీద పరిశోధన చేశాను. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ బస్సు ప్రయాణం పెట్టింది.

ఆ ఊరు కారు కిటికీలోంచి వెనక్కి వెళ్లిపోతుంటే నాకు ఏడుపు రాలేదు. నమ్మకం కుదరనిదే ఏడుపు ఎక్కడి నుంచి వస్తుంది? నిన్న సాయంత్రం మాట్లాడిన మనిషి. "సిరిసిల్ల పిల్లలు మగ్గం సాంచెల సప్పుడుల పెరిగినోళ్లు. నీళ్లు లేకుంట గీ వాయువుతోనే పాలిస్టర్ బట్టకు రంగెక్కిస్తున్నరు దునియల. గా ముచ్చట కూడ చెప్పాలె" అని ఉత్సాహపడ్డ మనిషి. ఐస్ మాత్రం మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పారు.

ఐస్ ఎందుకంటే, ఏసీ ల్యాబుల్లో గీతను మాయం చేయడానికి సెల్లును వేడి చేస్తారు. మా దిక్కు ఎండాకాలంలో ఆ అవసరం లేదు. గదిలో వేడే ముప్పై ఒకటి దాటి ఉంటుంది. గీత అసలు పుట్టదు. అద్దంలోంచి చూస్తే అవతలి గోడ తేటగా కనబడుతుంది, అంతే. గీతను చూడాలంటే మనం ఐస్ పెట్టి పిలుచుకోవాలి.

ఈ చిన్న సంగతే సార్ బొటనవేలిని కాల్చింది. హైదరాబాదు చల్లటి ల్యాబులో ఏళ్లు గడిపి వచ్చిన ఆయన, జగిత్యాలలో మొదటి ఎండాకాలం సెల్లు నింపి కిటికీలోకి చూశారట. గీత లేదు. లీకై ఖాళీ అయిందనుకున్నారు. గేజ్ ముల్లు పైనే ఉంటే, అది ఇరుక్కుపోయిందనుకున్నారు. పానా పెట్టి గేజ్ బిగింపును కాస్త వదులు చేశారు. అది కేక పెట్టినట్టు ఊదింది. కుడి బొటనవేలి మీద చర్మం మంచుపట్టి చచ్చిపోయింది. ఆ తెల్లమచ్చ చివరిదాకా ఉంది. "డాక్టరేట్ ఉన్నది, అకల్ లేదు. కండ్లకు కనవడకుంటే లేదే అనుకున్న" అని ప్రతి బ్యాచ్‌కూ వేలు చూపించి చెప్పేవారు.

ఆ రోజు నుంచి ఆయన ఒక పద్ధతి పెట్టారు. సెల్లు దగ్గర ఎప్పుడూ ఇద్దరుండాలి. వాల్వు పట్టుకున్నవాళ్లు "ముల్లు ఏడున్నది?" అని గట్టిగా అడగాలి. రెండోవాళ్లు గేజ్ చూసి అంకె పైకి చదవాలి. "సున్న" అన్న మాట చెవిన పడేదాకా పానా ముట్టుకోకూడదు. వాల్వు పట్టుకున్నవాళ్లు తామే చూశామంటే చెల్లదు. "పని జల్ది కావాలన్నోని కండ్లకు సున్న ముందుగాలనే కనవడుతది" అనేవారు.

ఆ పద్ధతి ల్యాబ్‌లో ఆగలేదు. నాకు ఫోన్ చేస్తే బాగున్నావా అని అడిగేవారు కాదు. "ముల్లు ఏడున్నది బిడ్డా?" అనేవారు. పరిశోధనలో ఏదీ కుదరని రోజుల్లో "పగిలేటట్టున్నది సార్" అనేదాన్ని. "అయితే కొంచెం కొంచెం ఇప్పు. ఒక్కపారి తిప్పకు" అనేవారు. ఇంకేమీ అడిగేవారు కాదు. దానికే నాకు సగం తేలికయ్యేది.

రిటైరయ్యాక కోరుట్ల ఇంట్లో ఆ వాయువు చిన్న సిలిండర్ ఒకటి పెట్టుకున్నారు. ఎక్కడ కాలేజీ వాళ్లు పిలిచినా సెల్లు పట్టుకుని పోయేవారు. నిండిన సెల్లుతో మాత్రం ఎన్నడూ బస్సెక్కలేదు. ముందురోజు సాయంత్రం ఇంట్లోనే నింపి, తెల్లవార్లూ అలా వదిలేసేవారు, ఎక్కడా కారడం లేదని తేల్చుకోవడానికి. పొద్దున్నే వాయువు వదిలేసి, గేజ్ విప్పి, సంచిలో సర్దుకుని, కాలేజీలో అక్కడి సిలిండర్‌తో మళ్లీ నింపేవారు. ఆ ఇంట్లో ముల్లు చదివే రెండో మనిషి అమ్మే. "నా కూర మాడుతున్నది, నువ్వేమో నీ ముల్లు చదువుమంటవ్" అని విసుక్కుంటూనే చదివేది. "సున్న అనేదాంక కదలకు" అని సార్ కూడా అంతే గట్టిగా అనేవారు.

రుద్రంగి దాటామో లేదో, అప్పుడు తట్టింది నాకు. ముందురోజు సాయంత్రం నింపి ఉంటారు. పొద్దున్నే వదిలేసే పని ఉంది. పొద్దున్నే ఆయన మొకం కడుక్కుంటూ పడిపోయారు.

"సంచి సదురుతున్న" అన్న అమ్మ గొంతు చెవిలో మళ్లీ మోగింది. సార్ ఫోన్‌కు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను, ఎత్తలేదు. చావు జరిగిన ఇంట్లో ఫోన్ ఎవరికి వినబడుతుంది? కథలాపూర్ నుంచి కోరుట్ల దాకా ఎంతసేపు పట్టిందో తెలియదు. ఇంకా పోనీయ్, ఇంకా పోనీయ్ అని కారు నడుపుతున్న లెక్చరర్‌ను సతాయించానట. అది తర్వాత ఆమె చెప్పింది.

గల్లీ నిండా బండ్లు. సార్‌ను పడుకోబెట్టడానికి ముందుగది ఖాళీ చేసి, అందులోని సామానంతా వాకిట్లో పెట్టారు. సోఫా, టీవీ బల్ల, కుర్చీలు, వాటి పక్కన సార్ రాసుకునే మేజా. మేజా మీద, నిండు ఎండలో, సెల్లు. సార్ తమ్ముడు దాని మీదికి వంగి ఉన్నాడు. కాళ్ల దగ్గర నోరు తెరిచిన సంచి. చేతిలో పానా. అప్పటికే గేజ్ బిగింపుకు తగిలించి ఉంది.

"కాకా! ముట్టకుండ్రి!"

అంత గట్టిగా నేను బతుకులో అరవలేదు. వాకిట్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. శవం దగ్గర అట్లా అరుస్తారా అన్నట్టు చూశారు.

"ఖాళీదే బిడ్డా" అన్నాడు కాక, ఎండకు కళ్లు చికిలించి. "సూడు, అద్దంల ఏం లేదు. వదినె పొద్దటిసంది ఒకటే మాట, సంచి సదురుండ్రి, సిరిసిల్ల పోవాలె అని. సదిరితెనన్న ఆమె ఊకుంటదేమో అని. గీ మీటరు ఇప్పితె గాని సంచిల పడుతలేదు. అన్న గట్లనే ఇప్పుతుండె."

"ముల్లు సూసిండ్రా?"

"అది ఖరాబైంది. గా కొసకు పొయ్యి ఆగింది."

ముల్లు ఖరాబు కాలేదు. ఎండకు ఉక్కు కాలుతోంది, లోపల ఒత్తిడి గంటగంటకూ పెరుగుతోంది. కాక చేతిలోంచి పానా ఎప్పుడు లాక్కున్నానో తెలియదు. అందర్నీ వెనక్కి జరగమన్నాను. ఇద్దరితో పైన చద్దరు పట్టించి నీడ చేయించాను. కారులోంచి ఐస్ డబ్బా తెచ్చాను. సగం నీళ్లయిపోయింది. మిగిలిన ముక్కల్ని తువ్వాలలో మూటగట్టి ఉక్కు చుట్టూ సర్దాను. పిల్లల కోసం కొన్న ఐస్ అది. సార్ రెండుసార్లు గుర్తుచేసిన ఐస్.

ముల్లు నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. కాసేపటికి కిటికీ లోపల పొగలాంటిది కమ్మింది. అది విడిపోయేసరికి, అద్దం నడుమ, గీసినట్టు గీత.

"ఓరి దేవుడా" అన్నాడు కాక. "నిండ ఉన్నది గదనే!" అక్కడే నేల మీద కూలబడి తల పట్టుకున్నాడు. పాపం, ఆయన తప్పేముంది? చదువుకున్న అన్న కూడా ఒకనాడు అదే అద్దంలో అట్లాగే చూశాడు. తిప్పింది కూడా అదే బిగింపు.

నేను వాల్వు మీద చెయ్యి వేశాను. వేయగానే నోరు తనంతట తనే అడిగింది. "ముల్లు ఏడున్నది?"

ఎవరు చెబుతారు? కుర్చీలో కూర్చుని చదువుతానన్న మనిషి ముందుగదిలో ముక్కులో దూదులు పెట్టుకుని పడుకున్నాడు. అప్పుడు నిజంగా తెలిసింది నాకు, సార్ లేరని. ఇంకోసారి అడగబోయి, వాల్వు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

గడప దగ్గర అలికిడైంది. ముందుగదిలో సార్ కాళ్ల దగ్గర కూర్చున్న అమ్మ లేచి వస్తోంది. ఎవరో పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. మేజా దగ్గరికి వచ్చి, కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, గేజ్ మీదికి వంగింది.

"యాభై" అంది.

వాల్వు కొద్దిగా తిప్పాను. సన్నగా బుసకొట్టింది.

"నలభై అయిదు. నలభై."

గీత కిందికి జారుతోంది. నేను ఇంకాస్త తిప్పాను.

"జల్ది చేస్తున్నవ్ బిడ్డా. కొంచెం కొంచెం ఇప్పు" అంది అమ్మ, కళ్లు గేజ్ మీంచి తీయకుండా. అవి సార్ మాటలే.

వాకిట్లో జనం మెడలు చాచి చూస్తున్నారు. జగిత్యాలలో ఎన్నో బ్యాచులకు ఆయన చూపించిన గీతను, ఆయన ఇంటి వాళ్లు, చుట్టాలు మొదటిసారి చూశారు. అది అడుగుకు దిగి, ఒక తడి మరకలా మిగిలి, అదీ పోయింది. "పది" అంది అమ్మ. "అయిదు" అంది. ఆ తర్వాత బుస సన్నబడి ఆగిపోయింది.

"అమ్మా, ముల్లు ఏడున్నది?"

ఆమె కళ్లద్దాలు తీసి మళ్లీ తుడుచుకుంది. నేను వాల్వు పట్టుకునే ఉన్నాను. సున్న అన్న మాట వినబడకుండా వదలకూడదు.

"సున్న" అంది. "సున్న అయింది బిడ్డా. మీ సార్‌కు చెప్పు, సున్న అయింది." అని మేజా మీద తల పెట్టుకుంది. పొద్దటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నేనూ ఆమెను పట్టుకుని ఏడ్చాను.

మధ్యాహ్నం దాటాక సార్‌ను తీసుకుపోయారు. డప్పు చప్పుడు గల్లీ మలుపు తిరిగి దూరమైంది. ఆడవాళ్లు అమ్మను లోపలికి తీసుకెళ్లారు. నేను వాకిట్లో ఆ మేజా దగ్గరే ఉండిపోయాను. ఐస్ మొత్తం కరిగి మేజా మీది నుంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది. సెల్లుకు చెమటలు పట్టాయి. చీరకొంగుతో కిటికీ తుడిచాను. అద్దంలోంచి అవతల తెరిచి ఉన్న గేటు తేటగా కనిపించింది.

ముల్లు చూశాను. సున్న మీదే ఉంది. కాసేపాగి మళ్లీ చూశాను.